కడిగిన ఉప్పు పలక

ఆదివారం, రాత్రి

మా ఆయన వైజాగ్ నుంచి తెచ్చిన పొయ్యి మీద పెనంలా వాడే ఉప్పు పలకని అత్త కొత్త రోలు కడిగినట్టే కడిగీసింది. పసుపు రాసి బొట్టు కూడా పెట్టింది. తడిగా ఉంటే వేడి చెయ్యొద్దని అట్టపెట్టె మీద ఉంది. నేను చదివాను కూడా. గుడ్డతో తుడిస్తే చాలనుకుని పెద్దమంట పెట్టీసాను.

చేప ముక్కలు వేద్దామని దగ్గరికెళ్ళేసరికి పలక ఢామ్మని పేలింది. సగం ముక్కలై ఎగిరిపోయింది. గట్టు పక్కనున్న మా పాప కెవ్వుమంది. అత్త పాపని దగ్గరికి లాక్కుని, "ఏటీ నేదే, దిష్టి పోనాది" అంది.

పడుకునే ముందు పాపకి జడ విప్పితే చెవి పైన జుట్టులో పసుపంటిన ఉప్పు ముక్క దొరికింది. సూదిలా ఉంది. కాస్త ఇటు తగిలుంటే కన్ను... రాయలేను.

ఇందాక నీళ్ళకని వంటింట్లోకి వెళ్ళాను. మిగిలిన సగాన్ని అత్త మళ్ళీ కడిగి, బొట్టు పెట్టి, పొయ్యి పక్కనే ఉంచింది. ముట్టుకుంటే తడి. తెచ్చి బీరువాలో పెట్టి తాళం వేసాను. తాళంచెవి నా తలగడ కింద ఉంది.

అయినా భయమే. బీరువా రెండో తాళంచెవి అత్త దగ్గరే ఉంది. అత్త నాకంటే ముందే లేస్తాది.