మైనం అంటిన పిన్నులు

ఏవండీ,

మీరు రెండో షిఫ్టు నుంచి వచ్చేసరికి నేను పడుకుంటాను. మేలుకుని ఉన్నా అత్తయ్యగారి ముందు ఈ మాట నోరు దాటదు. అందుకే ఈ కాగితం డ్రిల్ మిషన్ కింద పెడుతున్నాను.

ఐజాక్ కత్తికి పిడి బిగించాను. అటూ ఇటూ చెక్కలు, వాటిని కలిపి పట్టే రెండు ఇత్తడి పిన్నులు, చివర తాడు దూర్చే గొట్టం. చూడ్డానికి ముద్దొస్తోంది. కానీ నాకు భయంగా ఉందండీ. జిగురు కారి గొట్టంలో గడ్డకడుతుందని కొవ్వొత్తి మైనం కూరాను. ఆ చేత్తోనే పిన్నులు పట్టుకుని దూర్చేశాను. క్లాంపులు బిగించాక చూసుకుంటే వేళ్లు జిడ్డు. మైనం అంటిన పిన్నును జిగురు పట్టుకోదు కదా!

పోయినేడు బజారులో కొన్న కత్తి పిడి ఊడి మీ బొటనవేలి నరం తెగినప్పుడు గచ్చంతా రక్తం. ఆ వేలు వంగకే కదా మీరు చేసే ఈ పిడుల పని నా చేతికొచ్చింది. ఐజాక్ కంటోన్మెంటు చెట్ల మీద తాడుకు వేలాడుతూ కొమ్మలు కొడతాడు. కింద తాడు పట్టుకుని నిలబడేది వాళ్లావిడ కాంతమణి. పిడి అతని చేతిలో ఉండిపోయి, కత్తి ఆ పిల్ల నెత్తిన పడినట్టు కళ్లు మూస్తే చాలు కనిపిస్తోంది. ఆదివారం వాళ్లొస్తారు. ఇవ్వమంటారా?

మీ శ్రీలలిత

లలితా,

చదవగానే కత్తిని బల్లకున్న వైసులో బిగించి పిడి గుంజాను, సుత్తితో కొట్టాను. కదల్లేదు. పిన్నుల సంగతెలా ఉన్నా, చెక్కకూ ఇనుముకూ మధ్య జిగురు గట్టిగానే ఉంది. ఊరికే హడలిపోకు. ఆదివారం నాకు డ్యూటీ, నువ్వే ఇచ్చెయ్. అమ్మతో మాత్రం అనకు, ఇద్దర్నీ కలిపి ఉతికేస్తుంది.

నీ సత్యదేవ్

ఏవండీ,

కోప్పడకండి. కత్తి ఇవ్వలేదు. పిడి పగలగొట్టాను.

ఇద్దామనే తెచ్చాను. కాంతమణి మోండా మార్కెట్లో ఎర్రతాడు కొని, జడలా అల్లుకొచ్చింది. దాన్ని గొట్టంలో దూర్చి, మొగుడి మణికట్టుకు తగిలించి మురిసిపోతుంటే మళ్లీ ఆ పిల్ల నెత్తిన కత్తి పడినట్టే కనిపించింది. కత్తి లాక్కున్నాను. పిన్నులు డ్రిల్లుతో తొలిచి, ఉలి పెట్టి కొట్టాను. చెక్క పేళ్లుగా లేచిందే గాని ఇనుమును వదల్లేదు. మీరన్నదే నిజం. బంగారంలాంటి పిడిని చేజేతులా నాశనం చేశాను. "దీనికి మతి పోయిందా!" అని అత్తయ్యగారి కేకలు. నేను సిగ్గుతో కింద కూర్చుని పేళ్లు ఏరుతున్నాను.

కాంతమణి వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఈయన చెట్టెక్కి దిగేదాంక నా పానం పానంల ఉండదక్కా. ఏందీ పరేషాన్ అని అందరు నవ్వుతరు. నువ్వు సుత గిట్ల భయపడ్తున్నవని నాకేం ఎరుక?" అని నా చెయ్యి పట్టుకుంది. ఆ పిల్ల చెయ్యి కూడా చల్లగా ఉంది.

ఐజాక్ నవ్వలేదు. "జెర నిమ్మలంగ చెయ్యక్కా. నీ చేతి పిడి అయితేనే పట్టుకొని ఎక్కుతా" అన్నాడు.

కొత్త చెక్కలు కోశాను. భయం పోలేదు. రేపు సెలవు పెట్టండి. జిగురు పూసేటప్పుడు నా పక్కన ఉండండి. ఎలా చెయ్యాలో చెప్పొద్దు, ఊరికే ఉండండి.

మీ శ్రీలలిత