గడసరి సంతకం

అమ్మా, నేను బాగున్నాను, నా కథల పుస్తకం అచ్చుకి వెళ్తోంది! నాన్న నిన్ను "గడసరి" అనేసి, తర్వాత "నేనెప్పుడన్నాను?" అని బుకాయిస్తాడే, అదే నా కలంపేరు. మురిసిపోతూ ఒప్పందం మీద కూడా అలాగే సంతకం పెట్టేశాను. వకీలుగారు తల పట్టుకుని, "అట్ట మీద ఏ పేరైనా వేసుకోమ్మా, ఇక్కడ మాత్రం అసలు పేరే ఉండాలి. లేకపోతే రేపు పుస్తకం నీదని ఎలా రుజువు చేస్తావ్?" అని అన్నీ మళ్లీ టైపు చేయించారు. "గడసరి" పేరుతో ఇంకెవరైనా ఉన్నారా అని అడిగితే, మా అమ్మ ఉందన్నాను. అందుకని నీకు అభ్యంతరం లేదని కాగితం రాసి వెంటనే పంపు, అది వచ్చేదాకా అచ్చు ఆగుతుంది. చెల్లి నా గొడుగు తిరిగిచ్చిందా? మీ ఇద్దరికీ దండాలు.

నీ పెద్దది

కాగితం కింద సాక్షి సంతకం నాన్నే పెట్టాలి. ఇక బుకాయించడానికి లేదని చెప్పు!