బుష్‌లకు స్నానం వద్దు, బావా

బావా, ఫ్యాన్ విప్పి బల్ల మీద పెట్టాను. రెక్కలూ జాలీ కిరసనాయిలుతో నీ తృప్తికొద్దీ తోముకో. ఇరుసు తిరిగే ఆ రెండు కంచు బుష్‌ల జోలికి మాత్రం వెళ్లకు. వాటి ఒంట్లోనే నూనె ఉంటుంది. కిరసనాయిల్లో ముంచితే అదంతా కక్కేస్తాయి, ఫ్యాన్ కీచుమంటూ తిరుగుతుంది. పొడిగుడ్డతో తుడిచి వదిలెయ్. షాపు నుంచి వచ్చి నేనే బిగిస్తాను.

"తళతళలాడాలి మరదలా" అంటూ నువ్వు కడిగిన మిక్సీ ఇప్పటికీ ఏడుస్తూనే ఉంది. రేపు అక్క పాపని తీసుకుని ఇంటికొస్తోంది. వాళ్ల గదిలో, ఈ ఫ్యాన్ కింద, ఏడవడానికి ఒక్కరు చాలు.

మరిచిపోయా. పాప పుట్టిందనగానే ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని నువ్వు వెక్కివెక్కి ఏడవడం చూశాను. అక్కకి చెప్పలేదు. నువ్వే చెప్పు, మొద్దూ, సంతోషిస్తుంది.