నాయన మెడలో ఎర్ర ట్యాగు

ఏప్రిల్ 20, సోమవారం

నాయన మళ్ళీ బస్సు కార్డు పారేసుకున్నాడు. ఇది రెండోది. మొదటిది నర్సరీలో మామిడి అంట్లు కడుతుంటే మట్టిలో ఎక్కడో పడిపోయింది. ఇదేమో లుంగీ మడతలోంచి జారిపోయింది. లుంగీ మడత ఏమన్నా బ్యాంకు లాకరా అని అరిచాను. ఆయన తాపీగా పళ్ళు తోముకుంటూ, యాడికి పోతాదిమ్మా, వానలు పడితే ఆ మట్టిలోనే మొలుస్తాది పోనీలే అన్నాడు. నవ్వొచ్చి కోపం సగంలోనే చెడిపోయింది. ఈ మనిషితో సరిగ్గా ఒక పోట్లాట కూడా పెట్టుకోలేం.

పాకాల నుంచి ఐరాల వైపు నర్సరీ మీదుగా పోయేవి ఇప్పుడు ఆ ప్రైవేటు కంపెనీ తెల్ల బస్సులే. ఎక్కగానే కార్డును మిషన్‌కు ఆనించాలి. పచ్చ లైటు వెలిగితే సీటు వెతుక్కోవడమే. ఎర్ర లైటు వెలిగితే కండక్టర్‌తో పంచాయితీ. నాకు ఈ బాధ లేదు. ఎర్రబస్సు ఎక్కి ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు జీరో టికెట్. అందుకే ఆ కార్డు మంచీచెడ్డా నాకు తెలియదు.

మే 4, సోమవారం, సాయంత్రం 6

మూడో కార్డు వచ్చింది. ఈసారి నేనే రంగంలోకి దిగాను.

పన్నెండేళ్ళుగా జిరాక్స్, లామినేషన్ షాపు నడుపుతున్నాను. చుట్టుపక్కల సగం స్కూళ్ళ ఐడీ కార్డులకు పంచ్ కొట్టింది ఈ చెయ్యే. కార్డు పై అంచును పంచ్‌లో పెట్టి ఒక్క నొక్కు నొక్కాను. టక్. నున్నగా, సన్నగా చిల్లు పడింది. ఒక స్కూలు ఆర్డర్‌లో మిగిలిన ఎర్ర ట్యాగు తగిలించి నాయన మెడలో వేశాను. ఇక తల తెగితే తప్ప కార్డు పోదు అన్నాను.

అద్దంలో చూసుకున్నాడు. అంతటితో ఊరుకోకుండా టీ అంగడి దాకా వెళ్ళి అందరికీ చూపించి వచ్చాడు. అక్కడ టీ కాసే అతను, ఏం పెంచలయ్యా, ఏ క్లాసు సదవతా ఉండావు అని అడిగాడట. మా కృప సేసింది, నీకూ గావాలంటే పొయ్యి అడుగు అని నాయన జవాబు. అది నాకు చెప్పేటప్పుడు ఆయన మొహం చూడాలి. అమ్మ పోయిన తొమ్మిదేళ్ళలో అంత వెలుగు నేను చూడలేదు.

రేపు పరగడుపున షుగర్ టెస్ట్ ఉంది. అది అయ్యాక లేటుగా పనికి వెళ్తాడు. కార్డు ఉంది కాబట్టి జేబులో చిల్లర కూడా పెట్టుకోవద్దు, పెట్టుకుంటే అదీ పారేస్తావు అని చెప్పాను. సరేనమ్మా అన్నాడు.

మే 5, మంగళవారం

నాయన లేడు.

మే 9, శనివారం

నాలుగు రోజులైంది. నిన్న పాస్టర్ గారు వచ్చి ప్రార్థన చేసి వెళ్ళారు. ఒక్క ముక్క నా చెవిన పడలేదు.

జరిగింది రాసిపెట్టుకోవాలి. రాయకపోతే పిచ్చెక్కేట్టు ఉంది. పదకొండున్నర తెల్ల బస్సు ఎక్కాడు. కార్డు పెడితే ఎర్ర లైటు వచ్చింది. కండక్టర్ పేరు జయరామ్. నర్సరీకి నాలుగు కిలోమీటర్ల ముందు, క్రాస్ రోడ్డు దగ్గర ఆయన్ని దించేశారు. ఎండ నలభై మూడు. అరవై ఆరేళ్ళ షుగర్ మనిషి ఆ రోడ్డు మీద నడిచాడు. రెండు కిలోమీటర్లు నడిచి కల్వర్టు దగ్గర పడిపోయాడు. మామిడికాయల ట్రాక్టర్ వాళ్ళు చూసి ఆస్పత్రికి తెచ్చేసరికే అయిపోయింది.

ట్యాగు మెడలోనే ఉంది. నేనన్న మాట నిజమైంది, కార్డు పోలేదు. నా నోరు పడిపోను, తల గురించి ఎందుకన్నాను.

ఇంకోటి అర్థం కావడం లేదు. ఫోన్ జేబులోనే ఉంది. చార్జింగ్ నిండుగా ఉంది. నేను షాపులో ఖాళీగా కూర్చొని ఉన్నాను. ఒక్క ఫోన్ చేసి ఉంటే బండి తీసుకొని ఇరవై నిమిషాల్లో అక్కడ ఉండేదాన్ని. చీమ కుట్టినా నాకు ఫోన్ చేసే మనిషి. ఆ రోజు ఎందుకు చెయ్యలేదు నాయనా.

మే 18, సోమవారం

చిత్తూరులో బస్సు కంపెనీ ఆఫీసుకు వెళ్ళాను. మేనేజర్ గిరిప్రసాద్ కంప్యూటర్‌లో కార్డు నంబర్ కొట్టి చూశాడు. బ్యాలెన్స్ ఉంది. కార్డు వ్యాలిడ్. బ్లాక్ కూడా కాలేదు. అదే కదా నేను మొత్తుకునేది. కార్డు మంచిదే, మనిషే చెడ్డవాడు.

జయరామ్‌ను పిలిపించారు. యాభై దాటినవాడు, గోడకు ఆనుకొని నిలబడ్డాడు. నా చేతిలోని ట్యాగు వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. నేను దించలేదమ్మా, పెద్దాయనే దిగినాడు అన్నాడు. నలభై మూడు డిగ్రీల ఎండలోకి సరదాకు దిగాడా అని అడిగాను. గిరిప్రసాద్ మధ్యలో కార్డు ఫిజికల్ కండిషన్ కూడా చూడాల మేడమ్ అని ఏదో గొణిగాడు. మనిషి ఫిజికల్ కండిషన్ ఎవరు చూడాలి అని కేకలేశాను. ఆఫీసంతా లేచి నిలబడింది. కంప్లయింట్ మూడు పేజీలు రాసి ఇచ్చాను. నా చేతిరాత ఎప్పుడూ అంత గుండ్రంగా రాలేదు.

మే 27, బుధవారం

జయరామ్‌ను ఉద్యోగం నుంచి తీసేశారు. ఈరోజు కడుపునిండా అన్నం తిన్నాను.

జూన్ 10, బుధవారం

షాపు ముందు కొత్త బోర్డు పెట్టాను. బస్సు కార్డులకు పంచ్, ట్యాగు ఉచితం, మా నాయన పెంచలయ్య జ్ఞాపకార్థం. కార్డు ఎవరూ పోగొట్టుకోకూడదు. ఎవరూ కండక్టర్ ముందు వెతుక్కుంటూ నిలబడకూడదు. ఈరోజు ఏడుగురు వచ్చారు. పంచ్ టక్‌మన్న ప్రతిసారీ నాయన పక్కన నిలబడి చూస్తున్నట్టే ఉంది.

జూన్ 11, గురువారం

నలుగురు తిరిగొచ్చారు. ఎర్ర లైటు వస్తా ఉండాది అక్కా, నిన్నటి దాకా బాగుండె అంటున్నారు. చూశారా, ఆ మిషన్లే దొంగవి, నేను మొదటి నుంచీ చెప్తున్నది అదే అన్నాను. వాళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు రాసుకున్నాను. కంపెనీ మీద ఇంకో కంప్లయింట్ పెడతాను. నిజం చెప్పాలంటే లోపల సంతోషంగా ఉంది.

జూన్ 12, శుక్రవారం, మధ్యాహ్నం 3

పవిత్ర వచ్చింది. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదువుతోంది. మొన్నటి ఏడుగురిలో ఆ పిల్ల కూడా ఉంది. కోప్పడలేదు. లైటు ఆర్పమంది. ఫోన్ టార్చ్ వెలిగించి, పంచ్ పడని ఇంకో కార్డు వెనక పెట్టింది. కార్డు లోపల అంచు పొడుగునా వెంట్రుకంత తీగ, చుట్టూ తిరిగి ఉంది. ఈ తీగతోనే మిషన్‌కి అందుతాది అక్కా, నాకూ ఆ పొద్దు తెల్లేదు, సారును అడిగితే సెప్పినాడు అంది. తర్వాత తన కార్డు పెట్టింది. నేను కొట్టిన చిల్లు దగ్గర తీగ తెగిపోయి ఉంది.

స్కూలు ఐడీ కార్డులో తీగ ఉండదు. పన్నెండేళ్ళుగా ఉత్త ప్లాస్టిక్‌కే చిల్లులు పెట్టాను.

పవిత్ర వెళ్ళాక షట్టర్ దించాను. నాయన కార్డు తీశాను. టార్చ్ వెలిగించడానికి చాలాసేపు పట్టింది.

అదే రోజు, 5 గంటలు

తెగి ఉంది.

జూన్ 14, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు. ఐరాల వెళ్ళి జయరామ్ ఇల్లు కనుక్కున్నాను. ఆయన భార్య నిర్మలమ్మ తలుపు తీసింది. నేనెవరో తెలిసిపోయింది. కుర్చీ వేసింది, నీళ్ళిచ్చింది, లోపలికి వెళ్ళి మళ్ళీ బయటికి రాలేదు. జయరామ్ ఇప్పుడు మండీలో మామిడి క్రేట్లు ఎత్తుతున్నాడు. భుజం మీద పుండు పడింది, తువ్వాలు కప్పుకొని కూర్చున్నాడు.

ఆ చిల్లు నేనే పెట్టాను అన్నాను.

తెలుసమ్మా, ఆ పొద్దే తెలుసు అన్నాడు.

తర్వాత మెల్లగా చెప్పాడు. ఆ రోజు కార్డు తిప్పి చూసి, ఈ బొక్క ఎవురు పెట్టినారో గానీ వాళ్ళకి బుర్ర లేదు అని గట్టిగా అన్నాడట. బస్సంతా నవ్విందట. తనూ నవ్వాడట. నాయన కార్డును గుప్పిట్లో మూసుకొని, నా బిడ్డ పెట్టలేదు, నేనే పెట్టినా, అంట్లు కోసే కత్తితో పెట్టినా అన్నాడట.

బిడ్డ మాట అక్కడ ఎవరూ ఎత్తనే లేదు.

కూసో పెద్దాయనా, రేపు ఇద్దువులే అన్నాడట జయరామ్. వెనక సీటు ఆమె టికెట్ తీస్తానందట. నాయన ఎవరి మాటా వినలేదు. ఆపు అప్పా, దిగతా అన్నాడట. ఆపినానమ్మా, ఆపకుండా ఉంటే సరిపోయె, నవ్వకుండా ఉన్నా సరిపోయె అని జయరామ్ కళ్ళు తుడుచుకున్నాడు. ఇదంతా ఆఫీసులో ఎందుకు చెప్పలేదని అడిగాను. బొక్క సంగతి మా సారుకు సెప్పినా, ఆయన మాట మీరు యాడ ఇన్నారు అన్నాడు. మిగిలింది ఎవరికీ చెప్పలేదట. అంతమంది ముందర పెద్దాయన దాసిపెట్టిన మాటను, మీ ముందర నేనెట్ల తీసేదమ్మా అన్నాడు.

ఫోన్ ఎందుకు చెయ్యలేదో ఇప్పుడు తెలిసింది. చేస్తే కార్డు పనిచెయ్యలేదని చెప్పాలి. ఎందుకు పనిచెయ్యలేదని నేను వదలకుండా అడుగుతాను. నా సంగతి ఆయనకు తెలుసు. ఆ ఒక్క మాట నాకు చెప్పలేక నడిచాడు. చెప్పి ఉంటే ఏమయ్యేది నాయనా. రెండు రోజులు మూతి ముడుచుకునేదాన్ని, అంతేగా.

జూన్ 15, సోమవారం

కంపెనీ ఆఫీసుకు వెళ్ళి తప్పు నాదని రాసిచ్చాను. ఒక్క పేజీ. చేతిరాత అస్సలు కుదరలేదు. జయరామ్‌ను మళ్ళీ తీసుకోమని అడిగాను. ఫైల్ క్లోజ్ అయిపోయింది మేడమ్, పైకి పంపి చూస్తాం అన్నాడు గిరిప్రసాద్. మూడు పేజీలకు తొమ్మిది రోజులు పట్టింది. ఈ ఒక్క పేజీకి ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేదు.

ఏడుగురికీ కొత్త కార్డులు తీసిచ్చాను. బోర్డు దించేశాను.

జూన్ 22, సోమవారం

పదకొండున్నర తెల్ల బస్సు. నాయన ట్యాగు మెడలో వేసుకొని ఎక్కాను. కార్డు పెట్టాను. ఎర్ర లైటు.

కొత్త కండక్టర్ కార్డు తిప్పి చూసి, ఈ బొక్క ఎవురు పెట్టినారు అని అడిగాడు.

నేనే అన్నాను. వెనక సీటు దాకా వినబడేట్టు అన్నాను.

ఎవరూ నవ్వలేదు.

క్రాస్ దగ్గర ఆపమని దిగిపోయాను. నర్సరీ ఇంకా నాలుగు కిలోమీటర్లు.