పిలిస్తే పలకదని రాసిన ఫారం గురించి

ఉదయగిరి,
ఏప్రిల్ 24.

ప్రత్యేకాధికారి గారికి,
సెరిబ్రల్ పాల్సీ – దైనందిన జీవితంపై ప్రభావాల అధ్యయనం, ఆత్మకూరు.

అయ్యా,

విషయం: సర్వే ఫారంలో నా తరఫున రాసిన జవాబులు రద్దు చేసి, నన్నే అడిగి తిరిగి రాయించుట, బ్యాటరీ మూడుచక్రాల బండి నిరాకరణను పునఃపరిశీలించుట గురించి.

ఉదయగిరి మండలంలో గొర్రెలు మేపుకునే పెంచలనరసయ్య కుమార్తె మధులత, వయసు 26, సమర్పించుకొను అర్జీ. నాకు పుట్టుకతో సెరిబ్రల్ పాల్సీ. కాళ్లు, కుడిచెయ్యి స్వాధీనంలో ఉండవు. మాట వస్తుంది, నిదానంగా వస్తుంది. ఈ అర్జీని ఎడమచేతి చూపుడువేలితో ఫోనులో నాలుగు రోజులు టైపు చేశాను.

1. ఫిబ్రవరి 11 సాయంత్రం తమ సర్వేయరు సాయికిరణ్ గారు మా దొడ్డి దగ్గరికి వచ్చారు. ఆ వేళ నేను దొడ్డి వాకిట కూర్చుని, లోపలికి పోయే గొర్రెలను లెక్కపెడుతున్నాను. పదిహేనేళ్లుగా ఆ పని నాదే. చివరి గొర్రె లోపలికి పోయేదాకా లెక్కపెట్టే మనిషి నోరు విప్పకూడదన్నది మా మందల్లో కట్టుబాటు. ఆయన మూడుసార్లు పేరుపెట్టి పిలిచారు. నేను పలకలేదు. "పిలిస్తే స్పందన: లేదు" అని రాసుకున్నారు.

2. లెక్క ముగిశాక జరిగిన మాటలు ఇవి.

నాయన: "ఎన్నిమే?"

నేను: "నూటా... ముప్పయి... ఆరు. ఒకటి... తక్కువ."

సాయికిరణ్ గారు: "పాపం, ఏందో గొణగతా ఉండాది."

మా అమ్మ చెంచమ్మ: "గొణుగుడు కాదు సార్, గొర్రొకటి రాలేదంటా ఉండాది."

సాయికిరణ్ గారు: "సరేలేమ్మా, ఇంకా నాలుగిళ్లు తిరగాల నేను. పాపకు లెక్కలు వచ్చా?"

నేను జవాబు మొదలుపెట్టాను. ఒక వాక్యానికి నాకు అరనిమిషం పడుతుంది. ఆయన అయిదు సెకన్లు ఆగి, "రావు" గడిలో టిక్కు పెట్టారు. తప్పిన గొర్రె కంపచెట్ల వెనక ఈనుతూ దొరికింది. ఆ సంగతికి ఫారంలో గడి లేదు.

3. ఆయన మర్యాదస్తుడు. మజ్జిగ తాగి, నా తల నిమిరి వెళ్లారు. ఆయనకంటే నేను మూడేళ్లు పెద్ద.

4. అనుమతి గడిలో అమ్మ వేలిముద్ర ఉంది. నేను ఓటరును.

5. ఆ ఫారం ఆధారంగా "స్వయంగా నడపలేరు" అని నేను అడిగిన బ్యాటరీ బండిని నిరాకరిస్తూ తమ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. మా ఇంటికి దొడ్డి కిలోమీటరున్నర. నాయన నన్ను మోపెడ్ మీద కూర్చోబెట్టి, తుండుగుడ్డతో తన నడుముకు కట్టుకుని తీసుకుపోయేవాడు. మార్చిలో ఆయన తుంటి విరిగింది. నలభై రోజులుగా నేను ఇంట్లోనే ఉన్నాను. మందను చూస్తున్న కూలిమనిషి, నాలుగు గొర్రెలు ఎట్లా పోయాయో చెప్పలేకపోతున్నాడు. దైనందిన జీవితంపై ప్రభావం అంటే ఇదే. ఇందులో జబ్బు వాటా ఎంతో, ఫారం వాటా ఎంతో తామే తేల్చాలి.

కావున, ఆ ఫారాన్ని అధ్యయనంలో వాడుకోవడానికి నా అనుమతి లేదు. నన్ను అడిగి, జవాబు పూర్తయ్యేదాకా ఆగి, కొత్తది రాయించాలి. నడపగలనో లేదో బండి ఎక్కించి చూడాలి. నేను దయ కోరడం లేదు. చిత్తగించి, జవాబు నా పేరుననే పంపవలెను.

ఇట్లు,
తమ కాగితాల్లో 83వ నంబరు,
తమ విధేయురాలు,
మధులత

తా.క.: సోమవారం ఆత్మకూరు బస్సుకు నేనే వస్తున్నాను. అమ్మ వద్దంటోంది: "ఆ ఆఫీసు మేడమీదంటమే, పద్దెనిమిది మెట్లంట. నిన్నెవురు ఎత్తుకపోతారు?" ఎవరూ ఎత్తుకోనక్కరలేదు. నేను కింద కూర్చుని ఉంటాను. తమరే దిగి రండి.