రాఘవమ్మకు భయం లేదన్న తీర్పు రద్దు చేయు విషయమై

వయోవృద్ధుల పడిపోవు ప్రమాద అంచనా శిబిరం అధికారి గారికి, జగ్గయ్యపేట రోడ్డు గంధంవారిపాలెం కాపురస్తుడు బుల్లిబాబు వ్రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: మా మేనత్త రాఘవమ్మ గారికి పడిపోతానన్న భయం ఎంతమాత్రం లేదని తమ శిబిరం ఇచ్చిన తీర్పును రద్దు చేసి, ఆమె భయమును ఆమెకు తిరిగి ఇప్పించు విషయమై.

ముందుగా సమస్త ప్రజలకు తెలియజేయునది ఏమనగా, మా ఊరి నేల మొదట్నుంచీ కిందనే ఉన్నది. దాని మీద పడుటకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఈ సంగతి నిర్వివాదం గనుక ఇక ఫిర్యాదులకు వస్తున్నాను.

1. తమ శిబిరం మా బడి ఆవరణలో పెట్టారు. అంతకు ముందురోజే అక్కడ పిల్లల పరుగుపందేలు జరిగి, సున్నపు గీతలు అలాగే ఉన్నవి. తమ ఫిజియోథెరపీ మేడం జాయిస్ గారు ఆ గీతల మధ్యనే కుర్చీ వేయించి, స్టాప్‌వాచీ పట్టుకుని, "అమ్మా, కుర్చీలోంచి లేచి, ఆ గీత దాకా మామూలుగా నడిచి, తిరిగొచ్చి కూర్చోండి. నేను టైం చూస్తా" అన్నారు. సున్నపు గీత, చేతిలో వాచీ, చుట్టూ జనం. మా పెద్దవాళ్ళు దీన్ని పందెం అనుకోక పెళ్ళిచూపులు అనుకుంటారా? "మామూలుగా" అన్న మాట ఒక్కరి చెవికీ ఎక్కలేదు. ప్రహరీ మీద కూర్చుని నేను కామెంటరీ చెప్పిన మాట వాస్తవమే గాని, ఈల మాత్రం నేను వేయలేదు.

2. మా ఎదురింటి రిటైర్డు టీచరు కనకవల్లి గారు ముందు నడిచారు. జాయిస్ గారు "వెరీ గుడ్" అన్నారు. మా అత్త చెంగు బొడ్లో దోపింది. "కుర్చీలో కూర్చుని పాఠాలు చెప్పిన కాళ్ళకే వెరీ గుడ్డయితే, మిరప చేలో తిరిగిన కాళ్ళకేమంటారో చూద్దాం" అని లేచి ఒకటే పరుగు. తిరిగొచ్చి కూర్చున్నాక కుర్చీ ఇంకా ఊగుతూనే ఉన్నది.

3. తర్వాత ప్రశ్నలు.

"స్నానం చేసేటప్పుడు పడతానని భయముందా అమ్మా?"

"మా ఆయనకే భయపడలా, బకెట్టుకు భయపడతానా?"

"మెట్లు దిగేటప్పుడో?"

"మెట్లే నాకు భయపడాల!"

వరసలో ఉన్నవాళ్ళంతా పడీపడీ నవ్వారు. నవ్వించింది నేను కానందుకు నాకు కొంత కష్టం కలిగింది. జాయిస్ గారు చీటీ మీద "ప్రమాదం లేదు" అని రాసి, పట్టుకోవడానికి స్నానాలగది గోడకు బిగించే కమ్మీ గాని, చేతికర్ర గాని, నడక నేర్పే తరగతి గాని ఈమెకు అవసరం లేదన్నారు.

4. వాస్తవ పరిస్థితి. సదరు రాఘవమ్మ గారు స్నానానికి వెళ్ళేటప్పుడు నన్ను గది బయట పీట వేసి కూర్చోబెడుతుంది. ఎందుకత్తా అంటే "ఊరికేరా. ఊళ్ళో సంగతులు చెప్పు" అంటుంది. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగితే లోపల్నుంచి "ఒరే బుల్లీ, ఉన్నావా?" అని కేక. ఆ కేకలో మెట్లను భయపెట్టిన రాఘవమ్మ ఉండదండి. ఉన్న కబుర్లు అయిపోయి, లేనివి పుట్టించవలసి వస్తున్నది. ఊళ్ళో జరగని పెళ్ళిళ్ళు, పోని నగలు ఆ వాకిట్లోనే పుట్టాయి. వాటివల్ల నాకు తన్నులు తప్పేట్టు లేవు. ఆమె వేదాద్రి గుడికి వెళ్ళడం కూడా మానేసింది. "ఆ మెట్లు..." అనబోయి, "స్వామి ఎటుపోతాడ్లే" అని సర్దుకుంది.

5. కమ్మీ నువ్వే బిగించవచ్చు గదా అని తమరు అడుగుదురు. జగ్గయ్యపేటలో స్టీలు పైపు కొనుక్కొచ్చా. "ఎవరికిరా ఇది, నీకా? గవర్నమెంటోళ్ళే నాకేం లేదన్నారు" అని చీటీ నా ముక్కు ముందు ఆడించి, ఆ పైపు తీసుకెళ్ళి చిక్కుడు పాదుకు పాతించింది. పాదు క్షేమం.

6. గత మంగళవారం ఆమె సదరు గది గడప దగ్గర పడి, నడుము పట్టేసి మంచానికి అతుక్కుపోయినది.

కావున జాయిస్ గారిని మా ఇంటికే పంపి, వాచీ కనబడకుండా, జనం లేకుండా, ముఖ్యముగా కనకవల్లి గారు లేనప్పుడు మళ్ళీ పరీక్ష చేయించవలెను. నిన్న సదరు కనకవల్లి గారు కూడా నన్ను గుమ్మం దగ్గరికి పిలిచి, "బుల్లిబాబూ, నా పేరు రాయొద్దు. కానీ నన్నూ చూడమని రాయి" అన్నారు. కాబట్టి ఆవిడ పేరు నేను రాయలేదని భావించవలెను. ఇద్దరికీ వేర్వేరు రోజులు ఇవ్వవలెను. "భయపడటం తప్పు కాదమ్మా" అని గవర్నమెంటు మనిషి చెబితే మా అత్త వింటుంది. నేను చెబితే వినదు. నా మాటల్లో నిజమెంతో ఆవిడకు బాగా తెలుసు.

కాగితం పాతబడకముందే దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
బుల్లిబాబు
(ప్రస్తుతం స్నానాలగది బయట డ్యూటీలో)

తా.క.: ఆరో ఫిర్యాదు అబద్ధమండి. మా అత్త పడలేదు. పడ్డవాళ్ళ అర్జీలే ముందు కదులుతాయని నేనే పడేశా. నిజంగా పడేదాకా ఆగే ధైర్యం నాకు లేదు. మీరొచ్చేసరికి ఆవిడ మంచం మీద ఉండదు, మీకు మజ్జిగ తెస్తుంది. మర్యాదకు పోయి ఎదురెళ్ళి గ్లాసు అందుకోకండి. వంటింట్లోంచి వసారా దాకా ఆవిడ ఎడమ చెయ్యి ఒక్కసారైనా గోడను వదులుతుందేమో చూడండి.