మోకాలి కింద దిండు

చెల్లెమ్మా,

ఇది చదువుతున్న ఈ క్షణాన నీ మోకాలి కింద దిండు ఉందా, లేదా? నిజం చెప్పు. బావగారు ప్రేమగా మెత్తటి దిండు పెట్టారనీ, వ్యాయామం చేయించే అమ్మాయిని రోజూ "రేపు రామ్మా" అని పంపేస్తున్నారనీ నువ్వు రాసింది చదివి వెంటనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

మీ వదినకు ఆపరేషన్ చేసి మోకాలు మార్చినప్పుడు నేనూ అంతే చేశాను. కాలు చాపిస్తుంటే ఆమె పెట్టే కేకలు వినలేక, "మా ప్రార్థన మాకు చాలు, నువ్వు వెళ్లు" అని మా ఇంటికొచ్చే వ్యాయామం అమ్మాయిని గద్దించాను. రెండు నెలలు మోకాలిని దిండు మీదే వంచి ఉంచాను. ఇప్పటికి ఎనిమిది నెలలు. వంగిన కాలు వంగినట్టే బిగుసుకుపోయింది. గుమ్మం దాటాలన్నా నా భుజం కావాలి. నిన్న మీ వదిన అంది కదా, "ప్రతి ఆదివారం లోకంలోని వంకర దారులన్నీ సరిచేస్తానని గొంతు చించుకుంటారు. నా కాలొక్కటీ వంకర చేసి కూర్చున్నారు."

బదులు చెప్పడానికి గ్రంథమంతా తిరగేశానమ్మా. పడి ఉన్నవాణ్ణి ప్రభువు లేచి నడవమన్నాడే గానీ, వాడి మోకాలి కింద దిండు పెట్టమని ఎక్కడా అనలేదు.

అలసిపోయాను. ప్రసంగించే ఓపిక లేదు. నీ ఆపరేషన్ అయి ఇంకా పన్నెండు రోజులే. ఏడువు, బావగారి మీద కోప్పడు, నన్ను తిట్టుకో. కానీ ఆ దిండు లాగేసి, కాలు తిన్నగా ఉండేలా మడమ కిందికి జరుపు. ఆ అమ్మాయికి కబురు పెట్టు. రేపు కాదు, ఇవాళే.

మీ అన్నయ్య